పిలిచిన పలుకును

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చూడవలసిన చోటు. బోట్లన్నీ ఒకదాని నొకటి ఒరుసుకుంటూ జెట్టీల వెంట బారులు తీరి ఉంటాయి. చెక్కల సందులు పూడ్చేవాళ్ళు, రంగు లేసేవాళ్ళు, వల లల్లుకునేవాళ్ళు. వేటకాలంలో పది పదిహేను రోజులకు గాని ఒడ్డెక్కని మనుషులు, ఆ రెండు నెలలూ తీరిగ్గా మాట్లాడతారు.

2023 మే నెలలో అలాంటి ఒక సాయంత్రం, చిన్నప్పటి నుంచి నేను బాబాయి అని పిలిచే ఒక పెద్దాయన బోటు ఎక్కాను. ఆయన సోనా బోటుకు డ్రైవరు. పడవ నడిపేవాడిని హార్బర్లో డ్రైవరు అనే అంటారు, మిగిలినవారు కలాసీలు. క్యాబిన్‌లో చక్రం పక్కన జీపీఎస్ తెర, చేపల గుంపును చూపే ఫిష్ ఫైండరు, మాట్లాడుకునే సెట్టు, వాటికి కాస్త ఎడంగా ఆపద వేళ నొక్కే పెట్టె. ఆ పెట్టె నాకు చూపించి ఆయన అడిగాడు:

"నొక్కితే నొక్కినాం బావూ. ఆళ్ళకి ఎల్లిందో నేదో మనకెలాగ తెలస్తాది? కేకేస్తే ఓయ్ అనాల గదా!"

నా ఉద్యోగజీవిత మంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. చిప్పు తయారు కావడానికి ముందే అది ఏం చెయ్యాలో రాసే భాషలు కొన్ని ఉన్నాయి. ఆ భాషల్లో రాసినదానికీ చిప్పు చేసేదానికీ పొత్తు కుదిరిందా లేదా అని చూడడం నా పని. ఇరవయ్యేళ్ళకు పైగా నేను రాసిన వాక్యాల్లో సగం "అడిగితే జవాబు రావాలి" అనేవే. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ భాషల చరిత్రను హార్బరు మీదుగా చెప్పుకోవచ్చు ననిపించింది. అందుకే ఈ టపా.

ముందుగా, ఆ క్యాబిన్‌లో యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే భాష సంగతి. జీపీఎస్ పెట్టె ఒక కంపెనీది, తెర ఇంకొక కంపెనీది. ఒకదాని మాట ఇంకొకదానికి అర్థం కావాలంటే ఇద్దరూ ఒప్పుకున్న వాక్యనిర్మాణ ముండాలి. అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో అలాంటి ఒడంబడిక నొకదాన్ని ప్రకటించింది. దాని పేరు ఎన్ఎమ్ఈఏ 0183. నలభయ్యేళ్ళు దాటినా చిన్న పడవల్లో నేటికీ అది బతికే ఉంది. ఆ సంస్థవారు ఒక్కొక్క సందేశాన్ని "వాక్యం" అనే పిలిచారు. వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది. తరువాత రెండక్షరాలు, మాట్లాడేది ఎవరో చెప్పడానికి. ఆపై మూడక్షరాలు, చెప్పేది ఏమిటో చెప్పడానికి. తరువాత కామాలతో విడదీసిన అంకెలు. చివర ఒక నక్షత్రం, దాని పక్కన సరిచూపు సంఖ్య. మొత్తం ఎనభై రెండు అక్షరాలు మించకూడదు.

ఉదాహరణకు హార్బరు ఉన్న చోటు సుమారుగా ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 41.8 నిమిషాలు, తూర్పు రేఖాంశం 83 డిగ్రీల 18 నిమిషాలు. ఈ భాషలో అక్షాంశం "1741.80" అని వస్తుంది. మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగిలినవి నిమిషాలు. ఈ ఒప్పందం తెలియని కుర్ర ఇంజనీరు చుక్కను జరిపి దాన్ని 17.4180 డిగ్రీలని చదివా డనుకోండి, రేఖాంశాన్నీ అలాగే చదివా డనుకోండి. జెట్టీకి కట్టిన బోటు ముప్పై కిలోమీటర్లకు పైగా నైరుతి దిక్కున, నడిసముద్రంలో తేలుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిగ్గా ఈ తప్పే చేశాను గనుక ధైర్యంగా చెబుతున్నాను. సరిచూపు సంఖ్య నన్ను కాపాడలేదు. దారిలో అక్షరం చెడితే అది పట్టుకుంటుంది. అక్షరాలన్నీ సరిగ్గా ఉండి అర్థం చెడితే దానికి తెలియదు.

ఇంకొకటి గమనించాలి. ఈ ఒడంబడికలో మాట్లాడేవాణ్ణి "టాకర్" అన్నారు, వినేవాణ్ణి "లిజనర్" అన్నారు. తీగ మీద మాట్లాడేది ఒక్కడే. వినేవాళ్ళు ఎందరైనా ఉండవచ్చు. విన్నామని ఎవరూ చెప్పరు. సెకనుకొకసారి స్థానం చెప్పే జీపీఎస్‌కు అది చాలు. ఒక వాక్యం తప్పిపోయినా మరుక్షణం ఇంకొకటి వస్తుంది. రేడియో వార్తలు చదివే మనిషి మనల్ని "విన్నారా" అని అడగనట్టే.

చిప్పుల లోపలి ప్రపంచంలో ఈ పద్ధతి సాగదు. అక్కడ ఒక భాగం ఇంకొక భాగానికి ఇచ్చినది అందిందో లేదో తెలియకుండా ముందుకు పోకూడదు. అందుకు రెండు తీగెలు పెడతారు, ఒకటి అడగడానికి, ఒకటి ఒప్పుకోవడానికి. దీన్ని అర్థం చేసుకోవాలంటే తెల్లవారుజామున హార్బర్లో చేపల గంప చేతులు మారడం చూడాలి. బోటులోని కలాసీ గంప పైకెత్తి పట్టుకుంటాడు. జెట్టీ మీదివాడు చేతులు వేసి "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" వినేదాకా కింది మనిషి వదలడు. వదిలాక పైవాడు గంప పక్కన పెట్టి మళ్ళీ ఖాళీ చేతులు చాస్తాడు. చేతులు ఖాళీ అయితేనే రెండో గంప. అడగడం, ఒప్పుకోవడం, అడగడం మానడం, ఒప్పుకోలు విరమించడం అనే నాలుగు దశలనూ డిజిటల్ ఇంజనీర్లు "హ్యాండ్‌షేక్" అని పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు గీసి చెబుతారు. జెట్టీ మీద అది పుస్తకం లేకుండానే జరిగిపోతోంది.

ఇలాంటి సంగతులను చిప్పుల కోసం రాయడానికి పుట్టిన భాషల్లో రెండు ప్రసిద్ధికెక్కాయి. అమెరికా రక్షణశాఖ 1980లో అతివేగపు చిప్పుల పథకం ఒకటి ప్రారంభించింది. తాము కొన్న చిప్పు ఏం చేస్తుందో తేటగా రాసి ఉండా లన్నది ఆ శాఖ అవసరం. ఆ రాతకు కావలసిన భాషను తయారు చేసే పని 1983లో ఇంటర్‌మెట్రిక్స్, ఐబీఎమ్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలకు అప్పగించారు. వీహెచ్‌డీఎల్ అన్న ఆ భాష 1987లో ప్రమాణమయింది. ఇంచుమించు అదే కాలంలో, 1984 ప్రాంతాన, గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ అనే చిన్న కంపెనీలో ఫిల్ మూర్బీ మొదలైనవారు వెరిలాగ్ రూపొందించారు. ఆ కంపెనీ స్థాపకుడు ప్రభు గోయెల్ భారతీయుడు. హైదరాబాదులో చిప్పుల డిజైను చేసే తెలుగు పిల్లల్లో ఈ రెండింటిలో ఒకటైనా రానివారు ఉండరు. అయితే ఈ భాషలు మేస్త్రికి ఇచ్చే ప్లాను వంటివి. ఏ గోడ ఎక్కడ లేవాలో చెబుతాయి. ఇల్లు ఎందుకు కట్టిస్తున్నాడో, అందులో ఏది జరిగి తీరాలో, ఏది జరగనే కూడదో ఆసామి నోటితో చెప్పవలసిన మాటకు వేరే భాష కావాలి.

ఆ లోటును నా అభిప్రాయంలో అందరికంటె చక్కగా చెప్పినవాడు డేవిడ్ హారెల్. ఇజ్రాయెల్‌లో లావి అనే యుద్ధవిమానం తయారుచేస్తున్న రోజుల్లో, 1983 ప్రాంతంలో, ఆయన అక్కడికి సలహాదారుగా వెళ్ళేవాడు. ఇంజనీర్లు విమానం ప్రవర్తన గురించి లావుపాటి సంపుటాలే రాసి పెట్టారు. విమానం ఫలానా స్థితిలో ఉన్నప్పుడు చేతికర్ర మీది ఈ బొత్తాం నొక్కితే ఏమవుతుందని ఆయన అడిగేవాడు. జవాబు ఎక్కడో ఒక చోట ఉండేది, లేదా రెండు చోట్ల రెండు విధాలుగా ఉండేది, లేదా ఎక్కడా ఉండేది కాదు. ఆ చిక్కు నుంచే ఆయన స్టేట్‌చార్ట్‌లు అనే బొమ్మల భాషను తయారు చేశాడు. యంత్రానికి ఉండగల స్థితులు, ఒక స్థితి కడుపులో ఇంకొక స్థితి, పక్కపక్కనే సాగే స్థితులు, ఒక దాని నుంచి ఇంకొక దానిలోకి తీసుకుపోయే సంఘటనలు, ఇదీ దాని సరుకు. 1987లో లావి పథకాన్ని ప్రభుత్వం రద్దు చేసింది. అదే ఏడాది హారెల్ వ్యాసం అచ్చయింది. విమానం పోయింది, బొమ్మలు మిగిలాయి.

బాబాయి ప్రశ్న కూడా అలాంటిదే. బొత్తాం నొక్కితే ఏమవుతుంది? పెట్టె ఆకాశం వైపు సందేశం పంపుతుంది. ఆ తరువాత?

ఆ "తరువాత" అన్న మాటకు తర్కంలో చోటిచ్చినవాడు న్యూజిలాండ్‌లో పుట్టిన ఆర్థర్ ప్రయర్. 1950లలో ఆయన క్రియల కాలాలను తర్కశాస్త్రంలోకి తెచ్చాడు. ఇరవయ్యేళ్ళ తరువాత, 1977లో, అమీర్ ప్నూలీ ఆ తర్కాన్ని తెచ్చి ప్రోగ్రాములకు అంటగట్టాడు. 1996లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. అంతకు ముందు ప్రోగ్రాము అంటే మొదలై, లెక్క కట్టి, ముగిసేది. ప్నూలీ దృష్టి ముగియని వాటి మీద పడింది. ఆపరేటింగ్ సిస్టం, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, విమానాన్ని నడిపే పెట్టె ఇవేవీ జవాబు చెప్పి ముగిసిపోయేవి కావు. అవి ఎప్పుడూ కాచుకుని ఉండాలి. వాటి గురించి చెప్పాలంటే "ఎల్లప్పుడూ", "ఎప్పటికైనా" అన్న రెండు మాటలు కావాలి. ఎల్లప్పుడూ, ఒక పిలుపు వస్తే, ఎప్పటికైనా దానికి పలుకు రావాలి. ఈ రంగంలో ఏ పాఠం తెరిచినా ఎదురయ్యే వాక్యం ఇదే.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు హైస్కూలు వ్యాకరణం గుర్తొచ్చింది. భూత, భవిష్యత్, వర్తమానాలతో ఊరుకోకుండా మన వ్యాకరణం తద్ధర్మకాల మని నాలుగోదాన్ని చెబుతుంది. ఒక్కసారి జరిగినది కాదు, ఇప్పుడు జరుగుతున్నదీ కాదు. దాని ధర్మమే అది. సూర్యుడు తూర్పున ఉదయించును. దీనికి ముందు ఒక చేదర్థకాన్ని తగిలిస్తే "పిలిచిన పలుకును" అవుతుంది. ప్నూలీ సూత్రం మొత్తం రెండు తెలుగు మాటల్లో ఇమిడిపోయింది! ఇది విని మా లెక్కల మిత్రు డొకడు "చివరికి అంతా మన వేదాల్లోనే ఉందంటావు" అని నవ్వాడు. నేనంటున్నది అది కాదు. వ్యాకరణం ఉన్నంత మాత్రాన యంత్రం రాదు. కాని ఒక యంత్రాన్ని "పిలిచిన పలుకును" అని రాసుకోవడానికి మనకు భాష కొరత ఏనాడూ లేదు.

ఇక పెట్టె చరిత్ర. సముద్రంలో ఆపద సంకేతాన్ని ఉపగ్రహంతో పట్టే పని అంతర్జాతీయంగా కాస్‌పాస్-సార్‌సాట్ అనే కూటమిది. ప్రచ్ఛన్నయుద్ధం జోరుగా ఉన్న రోజుల్లోనే అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు చేతులు కలిపి దీన్ని నెలకొల్పాయి. 1982లో మొదటి ఉపగ్రహం ఎగిరింది. ఆ ఏడాదే మొదటి ప్రాణాలు దక్కాయి. దాని బీకన్ ఏకముఖం. అరుస్తుంది, వినదు. మన దేశంలో చేపల పడవల కోసం ఇస్రో చేసిన ఆపద సంకేత యంత్రం, డ్యాట్ అని పిలిచేది, 2010 నుంచి వాడుకలోకి వచ్చింది. బొత్తాం నొక్కితే పడవ ఎవరిదో, ఎక్కడ ఉందో ఉపగ్రహం మీదుగా నియంత్రణ కేంద్రానికి, అక్కడి నుంచి తీరరక్షకదళానికి చేరుతుంది. ఇరవై వేలకు పైగా పడవల్లో దీన్ని అమర్చారు. ఇదీ ఏకముఖమే.

తప్పుబట్టడానికి తొందరపడకూడదు. పంపడం మాత్రమే చేసే పెట్టె చౌక. బ్యాటరీ తక్కువ తింటుంది. చెడిపోయే భాగాలు తక్కువ. ఏమీ లేని చోట అది ప్రాణదాత. ఒడ్డున కూర్చున్న రక్షకుడి వైపు నుంచి చూస్తే అతనికి కావలసినవన్నీ ఉన్నాయి: ఎవరు, ఎక్కడ. లేనిదల్లా నడిసముద్రంలో ఉన్నవాడికి కావలసినది.

అది ఓదార్పు కోసమే అనుకుంటే పొరపాటు. సందేశం అందిందని తెలిస్తే మనిషి బోటును పట్టుకుని ఉంటాడు. ఉన్న మంచినీళ్ళు లెక్క పెట్టుకుంటాడు. తెలియకపోతే కొయ్య పట్టుకుని ఒడ్డు వైపు ఈదడానికి దూకుతాడు, వెతికేవాళ్ళు వచ్చేసరికి చెప్పిన చోట ఉండడు. ఆ రసీదు లేకపోవడం వల్ల మనిషి తీసుకునే నిర్ణయమే మారిపోతుంది. ఒడ్డు వైపు కూడా చిక్కే. ప్రపంచంలో బీకన్ల నుంచి వచ్చే కేకల్లో చాలా భాగం పొరపాటున నొక్కుకున్నవే. తిరిగి అడగడానికి దారి లేనప్పుడు ఏది నిజమో తేల్చడానికి యజమానుల ఫోన్ల వెంట పడాలి.

2019 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థతో కలిసి జెమిని అనే పరికరాన్ని తెచ్చింది. తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే తావుల సమాచారం ఉపగ్రహం నుంచి దిగి, తీరానికి ఎంతో దూరాన ఉన్న పడవలోని ఫోనులో తెలుగులో కనిపిస్తాయి. మంచి పని. కాని అది వినడం ఒక్కటే చేస్తుంది, మాట్లాడలేదు. ఒకే క్యాబిన్‌లో రెండూ ఉన్న పడవను ఊహించుకోండి. ఒక పెట్టెకు నోరుంది, చెవి లేదు. ఇంకొకదానికి చెవి ఉంది, నోరు లేదు. పాత కథలో కుంటివాడూ గుడ్డివాడూ ఒకరి భుజాల మీద ఒకరెక్కి అడవి దాటినట్టు వీటిని కలపబుద్ధవుతుంది.

నోటికీ చెవికీ కలపడం 2020 దశకంలోనే జరిగింది. యూరపువారి గెలీలియో ఉపగ్రహాలు 2020 జనవరిలో బీకన్‌కు "మీ కేక అందింది" అని తిరిగి చెప్పే సేవను మొదలుపెట్టాయి. మన రెండో తరం డ్యాట్‌ను 2024 జనవరిలో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లోనే, అప్పటి భూవిజ్ఞానశాఖ మంత్రి కిరెన్ రిజిజు విడుదల చేశారు. సందేశం అందినట్టు ఇది పడవకు తిరిగి చెబుతుంది. అదే ఏడాది ఆగస్టులో లక్ష పడవలకు రెండువైపులా మాట్లాడే ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకం మొదలయింది. 1977లో తర్కంలో రాసిన వాక్యం పడవలోకి రావడానికి నలభై ఏడేళ్ళు పట్టిందన్న మాట. చిప్పు లోపల రెండు తీగెల మధ్య లక్షలసార్లు పాటించిన నియమమే ఇది!

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవాలి. రసీదు వచ్చిందని పంపినవాడికి తెలిసింది సరే. ఆ రసీదు అందిందని ఇచ్చినవాడికి ఎలా తెలియాలి? రసీదుకు రసీదు, దానికి మరో రసీదు, దీనికి అంతు లేదు. దారిలో మాట తప్పిపోయే అవకాశ మున్నంతకాలం ఇద్దరికీ పూర్తి నిశ్చయం కుదరదని రుజువు చెయ్యవచ్చు. రెండు కొండల మీద రెండు దండులు, లోయలో శత్రువు, వార్తాహరుడు పట్టుబడవచ్చు, ఇదీ కథ. ఈ చిక్కుకు 1978లో "ఇద్దరు సేనాపతులు" అన్న పేరు స్థిరపడేలా రాసినవాడు జిమ్ గ్రే, డేటాబేసుల పితామహుల్లో ఒకడు, ఆయనా ట్యూరింగ్ పురస్కార గ్రహీతే. 2007 జనవరి 28న ఆయన తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా తెరచాప పడవలో ఫారలాన్ దీవుల వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆపద సంకేత మేదీ అందలేదు. తీరరక్షకదళం వెతికింది; ఉపగ్రహ చిత్రాలను ముక్కలు చేసి వేలమంది మిత్రులూ అపరిచితులూ అంతర్జాలంలో కళ్ళు చిట్లించి చూశారు. పడవ గాని మనిషి గాని దొరకలేదు. 2012లో న్యాయస్థానం ఆయన మరణించినట్టు ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజుల్లో నేను రోజూ ఆఫీసులో "అడిగితే జవాబు రావాలి" అని రాస్తూనే ఉన్నాను. ఆ వాక్యం వెనుక సముద్ర ముంటుందని అప్పుడు నాకు తోచలేదు.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్లో మంటలు రేగి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. బాబాయి పనిచేసే బోటు దక్కింది. మళ్ళీ నిషేధం రోజుల్లో, 2025 మేలో, ఆయన దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు తిరిగి పలికే పెట్టెలు వచ్చాయనీ, జవాబు ఫోనులో తెలుగులో చదువుకోవచ్చనీ చెప్పాను. అంతా విని, "నాకు అచ్చరాలు రావు గదా బావూ" అన్నాడు. "ఆళ్ళు ఓయ్ అంటే మోగాల. ఇంజను సప్పుడులో కూడా ఇనబడాల."

జేబులోంచి పుస్తకం తీసి ఆయన చెప్పినట్టే రాసుకున్నాను. వృత్తిధర్మం ఊరుకోదు, ప్నూలీ గారి "ఎప్పటికైనా" అన్న మాటలో ఒక లొసుగుంది. నూరేళ్ళకు జవాబొచ్చినా ఆ సూత్రం నిజమే అవుతుంది. అందుకే తరువాతివాళ్ళు గడువు రాసే తర్కాలు కనిపెట్టారు. 1990లో రాన్ కోయ్‌మన్స్ రాసినది వాటిలో పేరున్నది. "ఇన్ని క్షణాలలోగా" అని అంకె వెయ్యకుండా ఆపద యంత్రం గురించి రాసిన వాక్యం వాక్యమే కాదు.

"ఎంతసేపట్లో మోగాలి బాబాయి?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "ఒక బీడీ కాలేలోపు" అన్నాడు.

బీడీ ఎంతసేపు కాలుతుందని అడిగాను.

"గాలిని బట్టి" అన్నాడు.